పారిపోయే చేపపిల్ల



ఈ కాసేపూ చేపలు పట్టడం గురించి చెప్పుకుందాం. వల సంగతి కాదు, గాలం సంగతి. అందులోనూ ఎర లేని గాలం. దీనికి ఎర్రను గుచ్చరు. పిండిముద్ద పెట్టరు. కప్పపిల్లను కట్టరు. ఒక కొక్కెం, దానికి చుట్టిన నాలుగు కోడి ఈకలు, కాస్త దారం, అంతే. దానితో పట్టేదేమో మడుగులో చిన్న చేపలన్నిటినీ మింగి బతికే పెద్ద చేపను.

ఈ ఈకల గాలం పేరు స్ట్రీమర్. పొడిగా ఉన్నప్పుడు చూస్తే దాంట్లో ఏమీ కనిపించదు. ఎవరో ఈకలు కట్టి పారేశారనుకుంటాం. నీళ్ళలో పడిందంటే మాత్రం ఈకలు తడిసి దగ్గరికొస్తాయి, సన్నబడతాయి, వేలెడంత చేపపిల్ల తయారవుతుంది. చల్లటి దేశాల్లో శరదృతువు చివర, అంటే మనకు కార్తీకం పోయి మార్గశిరం వచ్చే రోజుల్లో, ఈ గాలాలు పట్టుకుని జనం నడుంలోతు నీళ్ళలో దిగుతారు. వాళ్ళు వెతికే చేప ట్రౌట్.

చిలమకూరు వాళ్ళకూ, ఎర్రగుంట్ల వాళ్ళకూ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళకూ ట్రౌట్‌తో పనేమిటని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పెన్నలో ట్రౌట్ లేదు. తెచ్చి వేసినా బతకదు. కానీ ఆ చేపను పట్టే విద్యలో ఒక కీలకం ఉంది. అది మన పెన్న ఒడ్డునా, మన మైలవరం కట్ట కిందా కూడా పనికొస్తుంది. ఆ కీలకాన్ని ముందే చెప్పేస్తాను. తర్వాత మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి. పెద్ద చేపను పట్టాలనుకునేవాడు ముందు చిన్న చేప గురించి తెలుసుకోవాలి. చిన్న చేప ఎక్కడుంటుంది? దేనికి భయపడుతుంది? భయపడితే ఎలా పారిపోతుంది? ఈ మూడూ తెలిసినవాడి దగ్గరికి పెద్ద చేప దానంతటదే వస్తుంది.

సరే, ట్రౌట్ మన దగ్గర ఎందుకు బతకదు? అది చన్నీటి చేప. నీళ్ళు పది, పదిహేను డిగ్రీల దగ్గర ఉంటే దానికి హాయి. ఇరవై దాటితే ఆయాసం. ఇరవై అయిదు దగ్గరికొస్తే ప్రాణం మీదికొచ్చిందన్నమాటే. వేడి ఒక్కటే కాదు కారణం. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కలిసుండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. పది డిగ్రీల నీటిలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే ముప్ఫై డిగ్రీల నీటిలో ఉంటుంది. మన కొర్రమీనుకు ఆ బాధ లేదు. పైకొచ్చి ఒక గుక్క గాలి పీల్చుకుని మళ్ళీ కిందికి పోతుంది. ట్రౌట్‌కు మొప్పలే గతి. అందుకే ఎండాకాలపు బురదగుంటలో కొర్రమీను బతికి బయటపడుతుంది. ట్రౌట్ అయితే మన ఉగాదిని చూడదు.

ఇంగ్లీషువాళ్ళకు ఈ చేపంటే మహా మోజు. ఏ దేశం పోయినా వెంట తీసుకుపోవాలని చూశారు. 1860ల్లో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ డే, మన దేశపు చేపలన్నిటి మీదా పెద్ద గ్రంథం రాసినాయనే, నీలగిరుల్లో ట్రౌట్‌ను పెంచాలని ప్రయత్నించాడు. కుదరలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు హెచ్.సి. విల్సన్ పూనుకున్నాక గానీ రెయిన్‌బో ట్రౌట్ అక్కడ నిలదొక్కుకోలేదు. ఊటీ దగ్గర అవలాంచీలో హేచరీ అలా వచ్చిందే. కాశ్మీరుకు 1900లో బ్రిటన్ నుంచి ట్రౌట్ గుడ్లు చేరాయి. అక్కణ్ణుంచి హిమాచల్ ఏరులకు పాకింది. ఇప్పుడు హైదరాబాదు పక్కన కందుకూరులో కూడా నీళ్ళను చల్లబరిచి, తిప్పి తిప్పి వాడుతూ ట్రౌట్ పెంచుతున్నారు. అది తొట్టి చేప. దానికి మేత చేతికే వస్తుంది కాబట్టి మన గాలంతో దానికి పని లేదు.

ఇక్కడో చిత్రం ఉంది. స్ట్రీమర్ వేటకు మంచి కాలం శరదృతువు చివర అన్నాను కదా. మన దేశంలో సరిగ్గా అప్పుడే ట్రౌట్ ఏరులకు తలుపులు మూస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లో నవంబరు ఒకటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ పట్టకూడదు. అది గుడ్లు పెట్టే కాలం. కాబట్టి నవంబరులో గాలం సంచి సర్దుకుని కులూ బస్సెక్కేవాళ్ళు ఎవరైనా వింటుంటే, దయచేసి టిక్కెట్టు రద్దు చేసుకోండి.

మరి ఈ వేట ఎక్కడ జరుగుతుంది? అమెరికాలో, కెనడాలో, యూరప్‌లో. మన వైపు పిల్లలు చాలామంది ఉద్యోగాలకు అటే పోయారు కదా. నా మేనల్లుడు వరసయ్యేవాడొకడు మిషిగన్‌లో ఉన్నాడు. అక్కడ అసాబుల్ అనే ఏరుంది. ఆ ఏట్లో కొన్ని మైళ్ళ పొడవున ఈకల గాలం తప్ప ఇంకోటి వెయ్యకూడదు. పట్టిన చేపను వదిలెయ్యాల్సిందే. ఓ ఆదివారం ఫోన్ చేసినాడు.

"మామా, పొద్దున ఏట్లో దిగినా. కాళ్ళు కొయ్యలైపోయినాయి."

"ఏం రా అల్లుడా, కూరకేమన్నా పడినాయా?"

"ఒకటి పడింది మామా. మూరెడుంది. ఇడ్సిపెట్టినా."

"ఇడ్సిపెట్టేదానికి అంత చలిలో యాటికి పోతివి రా!"

వాడు నవ్వాడు. నవ్వి ఒక మాట చెప్పాడు. "అది నా గాలాన్ని తినేదానికి రాలేదు మామా. తరిమేదానికి వచ్చింది."

ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఎండాకాలంలో ట్రౌట్ పురుగులు తింటుంది. నీటి మీద వాలే ఈగలు, దోమలు, తూనీగలు. అందుకే ట్రౌట్ గాలాలు చాలావరకు ఈగ ఆకారంలో కడతారు. చలి ముదిరేసరికి ఈగలు పోతాయి. ఏట్లో ఆ ఏడాది పుట్టిన చేపపిల్లలు అప్పటికి వేలెడు ఎదిగి ఉంటాయి. పెద్ద ట్రౌట్ చూపు వాటి మీదికి మళ్ళుతుంది. ఇంకోటేమంటే, బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఆ రోజుల్లోనే. మగది ఒక చోటు పట్టుకుని కాపలా కాస్తూ ఉంటుంది. కడుపు నిండి ఉన్నా సరే, ఆ ఎల్లలోకి చేపపిల్ల వచ్చిందంటే ఊరుకోదు. ఆకలి ఒకటి, కోపం ఒకటి. రెండూ కలిసే కాలం అది. దగ్గరికొచ్చిన చేపపిల్ల పారిపోతుంటే అసలు తట్టుకోలేదు.

మళ్ళీ చెబుతున్నా. చేపపిల్ల పారిపోతుంటే పెద్ద చేప తట్టుకోలేదు. కదలకుండా నిలబడ్డ చేపపిల్లను చూసి అనుమానిస్తుంది. ఎదురొచ్చే చేపపిల్లను చూసి ఇంకా అనుమానిస్తుంది. ఈ లోకంలో ఏ చేపపిల్లా పెద్ద చేపకు ఎదురుపోదు కదా! గాలం విసిరి, తెలియక పెద్ద చేప ముఖం మీదికే లాక్కొచ్చేవాళ్ళుంటారు. చేప హడలిపోయి పక్కకు తప్పుకుంటుంది. ఈకలు ఎంత అందంగా కట్టినా, రంగు ఎంత బాగా కుదిరినా, పారిపోయే తీరు లేకపోతే ఆ గాలం ఒట్టి ఈకే.

ఈ విద్యలో పేరు మోసినవాళ్ళలో ఒక స్త్రీ ఉంది. కారీ స్టీవెన్స్. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, అప్పర్ డ్యామ్ అనే చోటు ఆమె నివాసం. భర్త చేపల వేటకు వచ్చేవాళ్ళకు దారి చూపేవాడు. ఆమె అంతకుముందు ఆడవాళ్ళ టోపీలు కుట్టేది. టోపీలకు ఈకలు పెట్టడం చేతికి వచ్చిన పని. 1924 జూలై ఒకటో తారీఖున, ఇంట్లో చేస్తున్న పని పక్కన పెట్టి, ఆ నీళ్ళలో ఉండే వెండి రంగు చిన్న చేపను మనసులో పెట్టుకుని ఒక కొక్కేనికి ఈకలు కట్టింది. నేరుగా పోయి నీళ్ళలో వేసింది. మూడు కిలోలు దాటిన బ్రూక్ ట్రౌట్ పడింది. దాన్ని ఒక పెద్ద వేట పత్రిక పోటీకి పంపితే రెండో బహుమతి వచ్చింది. ఇంక చూడండి, ఆర్డర్ల మీద ఆర్డర్లు. ఆమె కట్టిన గ్రే గోస్ట్ అనే గాలం ఇవాళ్టికీ స్ట్రీమర్లన్నిటిలోకీ పేరున్నది. ఈకలు కట్టేవాళ్ళు కొక్కేన్ని బిగించడానికి చిన్న పట్టకారు వాడతారు. ఆమె అదీ వాడలేదు. వేళ్ళ మధ్య పట్టుకునే కట్టేది.

నాకు ఆమె కథలో నచ్చేది బహుమతి కాదు. ఆమె పెద్ద ట్రౌట్ ఎలా ఉంటుందని ఆలోచించలేదు. అది తినే చిన్న చేప ఎలా ఉంటుందని ఆలోచించింది. నేను మొదట చెప్పిన కీలకం అదే.

ఆ గ్రే గోస్ట్‌కు మన అడవులతో ఒక చుట్టరికం కూడా ఉంది. చేపపిల్లకు కన్ను కావాలి కదా. ఆ కన్ను కోసం తలకు రెండు పక్కలా ఒక్కో ఈక పెడతారు. ఆ ఈక మీద తెల్లగా, పసుపుగా మెరిసే మైనపు చుక్క ఉంటుంది. అది దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈక! ఈ ఈకల కోసం ఒకప్పుడు మన అడవికోళ్ళు చాలా చచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇప్పుడు అడవికోడిని వేటాడడం నేరం. ఇప్పుడు ఆ ఈకకు బదులు రంగు చుక్క పెట్టి సరిపెట్టుకుంటున్నారు. చేపకేం తేడా తెలియదు. కాబట్టి అడవికోడి ఈక ఎవరైనా అమ్ముతామని వస్తే కొనకండి. నాటుకోడి ఈక చాలు. ఊరి కోడి ఈకలకు మన దేశానికి పేరుంది. ఇండియన్ కేప్ అంటే మెడ ఈకలతో ఎండబెట్టిన కోడి తోలు. ఈకల గాలాలు కట్టే విదేశాలవాళ్ళకు అది బాగా తెలిసిన సరుకు.

నిజానికి కోడి ఈకతో చేపను మోసం చెయ్యడం కొత్తదేమీ కాదు. సుమారు 1800 ఏళ్ళ కిందట ఈలియన్ అనే రోమను రచయిత రాసిపెట్టాడు. మాసిడోనియాలో ఒక ఏటి దగ్గర జనం కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడకింద ఈకలు రెండు కట్టి, చుక్కల చేపలను పట్టేవాళ్ళట. రాజుల చరిత్రలు ఎన్ని తుడిచిపెట్టుకుపోయాయో! కోడి ఈక మాత్రం నిలిచింది.

ఇప్పుడు మన నీళ్ళ దగ్గరికి వద్దాం.

పెన్న నంది కొండల్లో పుట్టి, అనంతపురం దాటి, గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని కోసుకుని వస్తుంది. చిత్రావతి వచ్చి కలుస్తుంది. గండికోట జలాశయం, దాని కింద మైలవరం, ఆ తర్వాత జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. ఒకప్పుడు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించేది. శ్రీశైలం నీళ్ళు అవుకు మీదుగా గండికోటకు చేరడం మొదలయ్యాక కొండల నడుమ పెద్ద నీటిపట్టు తయారైంది. ఆ నీటి కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళున్నారు, అది మరచిపోకూడదు.

ఈ జలాశయాల్లో మత్స్యశాఖ వదిలే పిల్లలు ఎక్కువగా బొచ్చె, రోహు, మోసు. ఇవి ఈకల గాలానికి పడవు. బొచ్చె నీటిపైన సన్నటి నలుసులు వడగట్టుకుని తింటుంది. మోసు అడుగున బురద వెతుక్కుంటుంది. చేపపిల్లను తరమాలన్న కోరికే వాటికి లేదు. తరిమే చేపలు వేరు. వాలుగ ఉంది. నోరు తెరిస్తే చెంపల వెనక దాకా చీలుతుంది. కొర్రమీను ఉంది. మన కొరమట్ట. జెల్ల ఉంది. ట్రౌట్ చేసే పని పెన్నలో వీళ్ళు చేస్తారు.

వీళ్ళ కోసం మన వాళ్ళు కప్పపిల్లను, బతికున్న పరకను కొక్కేనికి గుచ్చి వేస్తారు. అదీ ఇదే విద్య. బతికున్న పరక గిలగిలా కొట్టుకుంటుంది, పెద్దది వచ్చి పట్టుకుంటుంది. ఈకల గాలంలో ఆ గిలగిల మన చేతిలో ఉంటుంది. అంతే తేడా.

మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరుల్లో. తుఫాను పట్టిందంటే వంకలన్నీ ఎర్రగా పారతాయి. డిసెంబరు వచ్చేసరికి నీళ్ళు తేటపడతాయి, మట్టమూ నెమ్మదిస్తుంది. ఒడ్డున వరద ముంచేసిన గడ్డి, జమ్ము, తుంగ ఇంకా పచ్చగా ఉంటాయి. పరకలు, బుడ్డచేపలు అక్కడ దాక్కుంటాయి. నీళ్ళు దిగేకొద్దీ వాటికి దాపు తగ్గుతుంది. ఒడ్డు వదిలి లోతుకు జరగక తప్పదు. ఆ జరిగే దారిలో వాలుగ కాచుకుని ఉంటుంది. అందుకే గాలం వెయ్యాల్సింది గడ్డి లోపలా కాదు, నడి నీళ్ళలోనూ కాదు. గడ్డి అయిపోయి లోతు మొదలయ్యే అంచున. వంక వచ్చి ఏట్లో కలిసే మూల, కాలువ మొదలయ్యే చోటు, వంతెన స్తంభం నీడ. చిన్న చేప ఇల్లు మారే దారి ఇదే.

ఏ పొద్దున పోవాలి? తెల్లారుజామున అని అందరూ చెబుతారు. ఎండాకాలానికి అది నిజం. చలికాలంలో మాత్రం నా అభిప్రాయం వేరు. రాత్రి మంచుకు ఒడ్డు నీళ్ళు చల్లబడి ఉంటాయి. చిన్న చేపలు లోతులో ముడుచుకుని ఉంటాయి. పదకొండు గంటలకు ఎండ తగిలి ఒడ్డు పల్చటి నీళ్ళు కాస్త వెచ్చబడ్డాక అవి ఒడ్డు వైపు వస్తాయి. వాటి వెనకే పెద్దది. కాబట్టి హాయిగా ఇంట్లో సద్దన్నమో ఉగ్గాణో తినే పోవచ్చు. వాలుగ మాత్రం మసక చీకటి మనిషి. దానికోసమైతే సాయంత్రం.

ఇంక గాలం విసరడం. మామూలు గాలానికి సీసపు గుండు బరువు ఉంటుంది. ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఈకకు బరువెక్కడిది? అందుకని ఈ పద్ధతిలో దారమే లావుగా, బరువుగా చేస్తారు. కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే ఆ దారం గాలిలో పొడవుగా సాగి, చివర ఈకను మోసుకుపోతుంది. ఆ కర్ర, ఆ చక్రం, ఆ దారం కొనాలంటే ఖర్చే. లేనివాళ్ళు మామూలు గాలపు కర్రతోనే, ఈకకు ముందు చిన్న సీసం ముక్క కట్టుకుని వేసుకోవచ్చు. శాస్త్రం తెలిసినవాళ్ళు నన్ను తిడతారు గానీ, చేప తిట్టదు.

అసలు పని ఆ తర్వాత. ఈక నీళ్ళలో పడింది. మునగనివ్వండి. తొందర వద్దు. చలిలో పెద్ద చేప పైకి రాదు, మనమే దాని లోతుకు పోవాలి. ఇప్పుడు కర్ర కొనను నీటివైపు దించి, ఎడమ చేత్తో దారాన్ని గుంజండి. గాలిపటం ఎగరేసేవాడు దారాన్ని టక్కుటక్కుమని గుంజి ఆపుతాడే, ఆ తీరులో. రెండు గుంజులు, ఆపు. ఒక పొడుగు గుంజు, ఆపు. మూడు పొట్టి గుంజులు, ఆపు. గుంజినప్పుడు ఈకలు ముడుచుకుంటాయి, చేపపిల్ల ఉరికినట్టుంటుంది. ఆపినప్పుడు విచ్చుకుంటాయి, అలిసి నిలబడినట్టుంటుంది. పెద్ద చేప వెంటబడేది గుంజినప్పుడు. నోట పట్టేది ఎక్కువసార్లు ఆపినప్పుడు. గుంజడం ఎంత ముఖ్యమో ఆపడం అంత ముఖ్యం. కొత్తవాళ్ళు ఆపరు. చెయ్యి దురద!

పట్టిన సంగతి తెలిసిన వెంటనే కర్రను పైకెత్తకండి. ఎత్తితే ఈక చేప నోట్లోంచి జారి వచ్చేస్తుంది. కర్ర నీటివైపే ఉంచి, ఎడమ చేత్తో దారాన్ని గట్టిగా ఒక్క గుంజు గుంజండి. కొక్కెం దిగాక కర్ర ఎత్తండి. ఇది స్ట్రీమర్ వేటలో నేర్పే మొదటి పాఠం. వాలుగకూ ఇదే. వాలుగ పళ్ళు దారాన్ని కోసేస్తాయి కాబట్టి చివర జానెడు సన్న తీగ కట్టుకోండి.

రంగు సంగతి అడుగుతారని తెలుసు. పుంజుల్ని పందేనికి చూసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. సేతువ తెల్లది, కాకి నల్లది, డేగ ఎర్రది. నీళ్ళు తేటగా ఉంటే సేతువ ఈక, సన్నగా కట్టాలి. నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉంటే కాకి ఈక, లావుగా కట్టాలి. మురికి నీటిలో చేప కంటితో చూడదు. దాని ఒంటికి రెండు పక్కలా మొప్ప నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీటి అదురు దానికి తెలుస్తుంది. లావు తల ఉన్న గాలం నీటిని నెడుతుంది, ఆ నెట్టు చేపకు అందుతుంది. డేగ ఈక పొద్దు వాలేటప్పుడు వాడి చూడండి.

ఇంట్లోనే కట్టుకోవచ్చు. పొడుగు కాడ ఉన్న కొక్కెం ఒకటి, నల్ల కుట్టుదారం, పుంజు మెడ ఈకలు నాలుగు. రెండు ఈకల లోపలి వైపులు ఒకదానికొకటి చూసేటట్టు పెట్టి, అట్లాంటివి రెండు జతలు కొక్కెం తలకు కట్టండి. కింద గడ్డానికి మేక తోక వెంట్రుకలు కాసిన్ని. మెరుపు కావాలంటే పాత జరీ పోగు ఒకటి. ప్రొద్దుటూరులో జరీకి కరువా? తలను దారంతో గట్టిగా చుట్టి, గోళ్ళరంగు పూసి ఆరబెట్టండి. కొక్కెం ముల్లును శ్రావణంతో నొక్కేస్తే, చేపను వదలాలన్నప్పుడు నొప్పి లేకుండా ఊడొస్తుంది. కార్తీకంలో మాంసం ముట్టని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. చిలమకూరు అగస్త్యేశ్వరుడి గుడికి సోమవారం దీపం పెట్టి వచ్చి, మర్నాడు చేప పట్టి వదిలేస్తానంటే ఇంట్లో ఎవరూ కాదనరు. మా వాడి మిషిగన్ పద్ధతి మనకు ఆ నెలలో అచ్చంగా సరిపోతుంది.

వదిలెయ్యాల్సిన చేప ఇంకోటుంది. కొర్రమీను తల్లీ తండ్రీ పిల్లల్ని కాపలా కాస్తాయి. కుంటలో నీటిమీద ఎర్రగా, చిన్నచిన్న పిల్లలు గుంపుగా కదులుతూ కనిపిస్తే కిందనే పెద్దవి రెండూ ఉన్నాయన్నమాట. అప్పుడు ఏ గాలం వేసినా దాని మీద పడతాయి. పిల్లల్ని కాపాడుకోవడానికి. వానల కాలం పొడవునా, ఆలస్యంగా వానలు పడ్డ చోట ఇంకా తర్వాత కూడా ఇది కనిపిస్తుంది. అప్పుడు పట్టడం వేట కాదు. తల్లి పోయిందంటే ఆ పిల్లల గుంపును గంటలో పరకలు, జెల్లలు తినేస్తాయి. మిషిగన్‌లో ట్రౌట్ గుడ్లు పెట్టిన గులకరాళ్ళ మీద కాలు కూడా పెట్టరు. తవ్విన చోట రాళ్ళు తేటగా, తెల్లగా కనిపిస్తాయి, చూసి తప్పుకుని పోతారు. మనకు గులకరాళ్ళ బదులు ఎర్ర పిల్లల గుంపు గుర్తు.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. మొదటిది, జలాశయాల్లో చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘాలది. వాళ్ళకు అది బతుకు, మనకు సరదా. అడిగి, అనుమతి తీసుకుని వెయ్యండి. వాళ్ళ వల కట్టిన చోటికి పోకండి. వాళ్ళతో మాట కలిపితే, ఏ మూలన పరకలు తిరుగుతున్నాయో మీకు ఏ పుస్తకమూ చెప్పనంత బాగా చెబుతారు. 1887లో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ మన చెరువుల్లో గాలం వెయ్యడం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అంత పుస్తకం రాసినాయనకైనా ఒడ్డున ఉండేవాడి మాట కావలసిందే కదా.

రెండోది ప్రాణం సంగతి. మైలవరం గేట్ల కింద నిలబడి గాలం వెయ్యకండి. నీళ్ళు ఎప్పుడు వదులుతారో మనకు తెలియదు. సైరను వినిపిస్తే దారం తెంపేసి ఒడ్డెక్కండి. గాలం పోతే పోయింది. మన ఎర్రగుంట్ల, చిలమకూరు చుట్టుపక్కల నాపరాయి, సున్నపురాయి తీసిన గుంతల్లో నీళ్ళు అద్దమై కనిపిస్తాయి. కొర్రమీను అందులోకీ చేరుతుంది. కానీ ఆ గుంతలకు వాలు ఉండదు. ఒడ్డు దిగితే నేరుగా లోతే. పిల్లలెవరినీ అక్కడికి ఒంటరిగా పంపకండి. ఈత వచ్చినవాళ్ళకూ పైకెక్కేదానికి పట్టు దొరకదు.

ఇంతా చేసి ఒక్క చేపా ముట్టకపోతే? ఈక మార్చాలని చెయ్యి సంచిలోకి పోతుంది. పోనివ్వకండి. ముందు గుంజే తీరు మార్చి చూడండి. నెమ్మదిగా గుంజుతుంటే వేగం చెయ్యండి. వేగంగా గుంజుతుంటే ఆపడం ఎక్కువ చెయ్యండి. అదీ కాకపోతే లోతు మార్చండి. అప్పటికీ కాకపోతే పది అడుగులు పక్కకు జరిగి, గడ్డి అంచున చిన్న చేపలు కదులుతున్నాయేమో చూడండి. అవి అక్కడ లేకపోతే పెద్దదీ లేదు. అవి ఎక్కడికి పోయాయో కనుక్కుని, గాలం అక్కడ వెయ్యండి.